ఎడమకు పోయిన గుండ్లు

జర్మనీలో నేనిప్పుడు ఉంటున్న పాడర్‌బోర్న్‌లో ఎండలు ముదిరి, తుపాకి క్లబ్బుల పండుగ వచ్చిందంటే, ఆకుపచ్చ కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు బ్యాండు మేళం వెనక నడుస్తుంటే, ఊరి చివర ఎక్కడో పేల్చిన మందు పొగ గాలికి మా వీధి దాకా వస్తుంది. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం బాల్కనీలోనే నిలబడి ఉంటాను. మురిగిన కోడిగుడ్డులా, తడిసిన దీపావళి టపాకాయ తుస్సుమన్నప్పటిలా ఉండే ఆ గంధకం వాసన తగలగానే నా మనసు వోల్ఫ్స్‌బర్గ్ పక్క పల్లెలో నా చిన్నప్పుడు మేము కింది వాటా అద్దెకు తీసుకున్న ఎర్రిటుకల ఇంటికి వెళ్లిపోతుంది. వెళ్లీ వెళ్లగానే ఎవరో ఒకరిని అనుమానించడం మొదలుపెడుతుంది.

ఆ ఇంట్లో అందరికీ అందరి మీదా అనుమానమే. పై వాటాలో ఇంటి యజమాని లూడర్స్ గారు ఒక్కరే ఉండేవారు. భార్య పోయింది, నాన్న సాఫ్ట్‌వేర్ పని చేసే కార్ల ఫ్యాక్టరీలోనే ఆయన ఒకప్పుడు అచ్చులు పోసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మా పోపు వాసన తన గోడకాగితాల్లోకి ఇంకిపోతోందని ఆయన అనుమానం. ప్లాస్టిక్ చెత్తకు పెట్టిన డబ్బాలో మేము అరటి తొక్కలు వేస్తున్నామని ఇంకో అనుమానం, అందుకే పొద్దున్నే చెత్తడబ్బాల మూతలు ఎత్తి చూసేవారు. మధ్యాహ్నం అందరూ నిశ్శబ్దం పాటించే వేళ నేను మెట్ల మీద అష్టాచెమ్మా గవ్వలు వేస్తే, పైన తలుపు బెత్తెడు తెరుచుకునేది. అమ్మ మాత్రం తక్కువ తిన్నదా? పెరటి షెడ్డులో ఆయన సీసం కరిగిస్తుంటే వచ్చే పొగ, డబ్బాలో దాచుకున్న తెల్లటి కొవ్వు, గోడకు వేలాడే పొడుగు తుపాకి, అన్నీ ఆమెకు అనుమానమే.

"ఏందో కాగవెడుతున్నడు మళ్ల. జర పోయి చూసిరాపోండ్రి" అని నాన్నను తరిమేది. అలా అంటూనే, ఇన్నేళ్లుగా మా మాటలు వింటున్న ఆ ముసలాయనకు తెలుగు వచ్చేసిందేమోనని గొంతు తగ్గించేది.

అయినా ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. ఆగస్టు చివర పెరట్లో ఆయన చెట్టు పెద్ద రేగుపండ్లంతేసి నీలం రంగు ప్లమ్ పండ్లు రాల్చేది, వాటిని బకెట్‌తో మా గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టకుండా వెళ్లిపోయేవారు. వినాయక చవితికి అమ్మ ఉండ్రాళ్లు, పూర్ణాలు పంపితే ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కొరికి, లోపల ఏముందో వెలుతురులో పరీక్షించి, ఆ తర్వాతే నమిలేవారు. నాన్న పాత పంచె ఒకటి నేత బావుందని అడిగి మరీ తీసుకున్నారు. గుండుకు చుట్టి తుపాకి గొట్టంలోకి దించడానికి అలాంటి గుడ్డ జర్మనీలో దొరకదట.

ఆ తుపాకి మూతి నుంచి మందు పోసి, కొవ్వు రాసిన గుడ్డలో గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా కూరి పేల్చే పాతకాలపు రకం. అమెరికా కొండల్లో ఎల్క్ అనే, ఎద్దంత ఉండే దుప్పిని ఆ తుపాకితో వేటాడాలని లూడర్స్ గారికి పడుచుతనం నుంచీ కోరిక. అక్కడ ఇలాంటి తుపాకులకు విడిగా ఒక కాలం కేటాయిస్తారు, దుర్భిణి అద్దాలు బిగించకూడదు, ఉత్త కంటితోనే గురి చూడాలి. మరుసటి శరత్తుకు ప్రయాణం ఖాయం చేసుకున్నారు. ఇక ఆ ఏడాదంతా షెడ్డులో గుండ్ల గొడవే. ఉండ్రాయిలాంటి గుండ్రటి గుండు తిన్నగా పోతుందిగానీ అంత పెద్ద జంతువు ఎముక దాటి లోపలికి దిగుతుందా? పొడుగు గుండు దిగుతుంది, కానీ ఈ గొట్టానికి పడుతుందా? రెండూ పోసేవారు, చల్లారాక తూకం వేసేవారు, లోపల గాలి బుడగ ఉందని అనుమానం వచ్చిన ప్రతి గుండునూ మళ్లీ కుండలో పడేసేవారు. నేను స్టూలు మీద కూర్చుని, వెండిలా మెరిసే ఆ కరిగిన సీసాన్ని చూస్తూ హోంవర్కు మర్చిపోయేదాన్ని. అంతటి అనుమానపు మనిషి నన్నొక్కదాన్నే షెడ్డులోకి రానిచ్చేవారు. తుపాకి ముట్టుకోకూడదన్నది ఒక్కటే షరతు. నేను ముట్టుకోలేదు.

వసంతం వచ్చాక క్లబ్బు మైదానంలో గురి సరిచూసుకోవడం మొదలైంది. ఇసుక సంచుల మీద తుపాకి ఆనించి కాలిస్తే, గుండ్లు అట్ట మీద ఒకటి పైన, ఒకటి ఎడమకు, ఒకటి అసలు కనిపించకుండా పోయేవి. ముందు గుండ్లను అనుమానించారు, ఆకారం మార్చారు. తర్వాత మందు చెమ్మగిల్లిందన్నారు. తర్వాత నాన్న పంచె పలచనన్నారు. చివరికి గొట్టం మీద గురి చూసే చిన్న ఇనుప గాడిని వేలితో తడిమి, అది పక్కకు జరిగిందని తేల్చారు. తుపాకి కింద పడితేనో, ఎవరైనా దెబ్బ తగిలిస్తేనో తప్ప అది జరగదు. షెడ్డులోకి వచ్చేది నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "సిరీ, నువ్వు తుపాకి పడేశావా?" అని జర్మన్‌లో అడిగారు. లేదన్నాను. "భయపడకు, నిజం చెప్తే చాలు" అన్నారు. మళ్లీ లేదన్నాను. ఆయన తల ఊపిన తీరులోనే తెలిసింది, నమ్మలేదని. అమ్మ లోపలి నుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "ముట్టుకుంటే ముట్టుకున్ననని చెప్పరాదే! ఇల్లు ఖాళీ చెయ్యమంటే యాడికి పోతం?" అంది. అమ్మ కూడా నమ్మలేదు.

నమ్మింది నాన్నే. కాలేజీ రోజుల్లో రైఫిల్ షూటింగ్‌లో కప్పులు గెలిచినవాడు. "తుపాకి నేను కాల్చి చూస్త. మంచిగ నడుమ తగిలితే గాడి జరగలేదన్నట్టే. ఇగ నిన్ను ఎవ్వలేమంటరు?" అన్నాడు నాతో. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. మోత వినపడకుండా నా చెవులకు పెద్ద పెద్ద డిప్పలు తగిలించారు. లూడర్స్ గారే మందు కొలిచి పోసి, గుండు కూరి, నాన్న చేతికి ఇచ్చారు. నాన్న చెంప ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు, కాల్చబోయి ఆగాడు. తల తిప్పి ముసలాయన వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తీసి, రుమాలుతో కళ్లు ఒత్తుకుని, దూరంగా ఉన్న అట్టను చూడ్డానికి మెడ సాచి, కళ్లు చికిలించుకుంటున్నారు. నాన్న మళ్లీ చెంప ఆనించి కాల్చాడు. పొగ కమ్మింది. మూడు సార్లు కాల్చాడు. అట్ట తెప్పించి చూస్తే, మూడూ ఎడమకు పోయాయి.

"అవునండీ, గాడి కొంచెం జరిగినట్టే ఉంది" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా. లూడర్స్ గారు నా నెత్తి మీద చెయ్యి వేసి, పిల్లలన్నాక జరుగుతుంటాయి, క్షమించేశాను అన్నారు. ఇత్తడి మేకుతో తట్టి గాడిని కుడికి జరుపుకున్నారు. ఆ తర్వాత రెండు గుండ్లు దగ్గర దగ్గరగా పడేసరికి సంతోషంగా ఇంటికి బయల్దేరారు.

నాన్న గుండు అబద్ధం చెప్పదు కదా. నిద్రలో నడిచి వెళ్లి తుపాకి పడేశానేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. షెడ్డుకు వెళ్లడం మానేశాను.

శరత్తులో ఆయన అమెరికా వెళ్లి, అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చారు. ఎల్క్ పొట్టలో గుండు దిగిందట, అది పారిపోయిందట, మంచులో నెత్తుటి మరకల వెంట నడిచినా దొరకలేదట. అది ఎక్కడో పడి మెల్లగా చచ్చి ఉంటుందని చెప్తూ మా వంటింట్లో కూర్చుని ఏడ్చారు. వెంట వచ్చిన వేటగాడు పట్టుబట్టి కంటి డాక్టరుకు చూపించుకోమన్నాడట. రెండు కళ్లలోనూ శుక్లాలు. శీతాకాలంలో ఆపరేషన్లు అయ్యాయి.

వసంతంలో కొత్త కళ్లతో మైదానానికి వెళ్లి కాలిస్తే, గుండ్లన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి. కాకపోతే కుడికి, తను గాడిని జరిపినంత మేరా కుడికి. అంటే గాడి మొదట సరిగ్గానే ఉంది. ఆ అట్ట పట్టుకుని తిన్నగా మా ఇంటికి వచ్చారు. ముందు నాకు షేక్ హ్యాండిచ్చి, పెద్దవాళ్లతో అన్నట్టుగా "క్షమించండి" అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "నాకు కళ్లు కనిపించడం లేదని మీకు ఆ రోజే తెలుసు. నాతో ఒక్క మాట అని ఉంటే ఆ జంతువు అలా చచ్చేది కాదు. కావాలని ఎడమకు కాల్చి మీ సొంత కూతుర్ని కూడా దోషిని చేశారు" అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన నాన్నతో గుటెన్ టాగ్ అనే పలకరింపు తప్ప మరో మాట మాట్లాడలేదు.

ఇప్పుడు లూడర్స్ గారు లేరు, ప్లమ్ చెట్టు కొట్టేశారు, షెడ్డు ఉన్నచోట ఎవరిదో కారు నిలబడి ఉంటుంది. పోయిన నెల మా నాన్న నా దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాను, ఆ రోజు అలా ఎందుకు చేశావని.

"పెద్దమనిషి బిడ్డా. మొహమ్మీద నీకు కండ్లు కనవడ్తలేవని ఎట్లంట? మొహమాటమైంది. నువ్వు మన పిల్లవే కద, నీకెప్పుడన్న చెప్పుకోవచ్చు అనుకున్న."

ఎప్పుడూ చెప్పలేదు కదా నాన్నా, అన్నాను. ఆయన టీ కప్పు ఎత్తి తాగి, చాలా బావుందమ్మా అన్నాడు. నేనూ ఒక గుక్క తాగాను. చక్కెర వేయడం మర్చిపోయాను. ఇంట్లోవాళ్ల ముందు మొహమాటమన్నది ఎరగని మనిషి, అమ్మ కూరలో ఉప్పు తగ్గితే, నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మా నాన్న, ఆ చేదు టీని ఆఖరి చుక్కదాకా తాగి, కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, నన్ను చూసి మర్యాదగా నవ్వాడు.