మా వదిన కంప్యూటర్ చదివిన రోజు

మా వదిన సుందరలక్ష్మి ఏ పని చేసినా రెండింతలు చేస్తుంది. కూరలో ఉప్పు తప్ప అన్నీ ఎక్కువే. ఆడపడుచును కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది, ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నాను. ఆమె పట్టించుకున్న పాపాన పోలేదు.

రాజంపేటలో మా అన్న లక్ష్మీనరసయ్యకు కిరాణా అంగడి ఉంది. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే అంగట్లో కూర్చునేది వదినే. చదువు ఐదో తరగతితో సరి. కానీ బస్తాల మీద, బిస్కెట్ ప్యాకెట్ల మీద చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం నేర్చుకుంది. వాటిని కలిపి మాటగా చదవడం మాత్రం రాదు. నా ఇంగ్లీషు అంతకంటే కనాకష్టం.

వాళ్ళకు ఒక్కతే కూతురు, శ్రీవాణి. పుట్టుకతోనే చూపు లేదు. వదిన ఎక్కని గుడి లేదు, చూపించని డాక్టరు లేడు. మహానంది కోనేట్లో పసిబిడ్డను ముంచి తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఈమె దానికి రెండింతలు ఏడ్చింది. చివరికి ఒకరోజు, "ఇంక చాలు, చదివిస్తా" అని మేముండే కర్నూలు తీసుకొచ్చి చూపులేని పిల్లల బడిలో చేర్చింది. ఆదివారాలు ఆ పిల్ల మా ఇంట్లోనే తినేది. డిగ్రీ అయింది, హైదరాబాదులో కంప్యూటర్ నేర్చుకుంది. రాజంపేట ఇంట్లో ముందుగదిలో పెద్ద డబ్బా కంప్యూటర్ పెట్టించుకుంది. తెర మీద ఉన్నదాన్ని అదే చదివి వినిపిస్తుంది. ఆ గొంతు ఎంత వడిగా మాట్లాడుతుందంటే, మనకు గోళీలు దొర్లినట్టు వినిపిస్తుంది తప్ప ముక్క అర్థం కాదు.

ఇది 2007 దసరా నాటి మాట. నేను పండగకు రాజంపేట వెళ్ళాను. పండగ మరునాడే శ్రీవాణికి ఉద్యోగ పరీక్ష. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలను విని టైపు చేసే ఆఫీసు హైదరాబాదులో ఒకటుంది. పొద్దున మెయిల్లో రికార్డింగు పంపిస్తారు, సాయంత్రంలోగా టైపు చేసి పంపాలి. అంతకు ముందు అడిగిన చోటల్లా చూపు లేదని తెలియగానే తర్వాత చూద్దామన్నారు. ఈ ఆఫీసువాళ్ళు మాత్రం, "అందరికీ పెట్టే పరీక్షే మీకూ పెడతాం" అన్నారు. ఆ ఒక్క మాటకు శ్రీవాణి నెలరోజులుగా నిద్రాహారాలు మాని సాధన చేస్తోంది.

పరీక్ష రోజు పొద్దున్నే స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. స్విచ్ వేసింది. ఎప్పుడూ మొదట చిన్న రాగం వస్తుంది. రాలేదు. కాసేపు చూసింది, మళ్ళీ ఆపి వేసింది. ఫ్యాను గుయ్యిమంటోంది, గొంతు మాత్రం లేదు.

"అమ్మా, స్పీకరులో ఎర్ర దీపం వెలుగుతాండాదా?"

"వెలుగుతాండాది."

శ్రీవాణి స్పీకరు మీద తిప్పుడు బిళ్ళను ఆ చివరి వరకు తిప్పింది. ఏమీ లేదు. స్పీకరు వైరు పీకి, అన్న రేడియోకు ఇయర్‌ఫోను పెట్టే చోట గుచ్చింది. వార్తలు గట్టిగా మోగాయి. "స్పీకరు బాగుండాది. రోగం కంప్యూటర్‌లోనే" అంది.

ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే అతను పండగకని అంగడి మూసి అత్తగారి ఊరికి పోయాడు. ఫోను ఎత్తలేదు. "ఆఫీసోళ్ళకు చెప్పి రేపు పంపిస్తానని అడుగమ్మా" అన్నాను నేను.

"అడగను అత్తా. అడిగితే, చూపు లేదు గదా పాపం అంటారు. ఆ పాపం నాకొద్దు."

ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. దాని మొహం మాత్రం మామూలుగానే ఉంది. వదిన కొంగు నడుముకు దోపి, కుర్చీ తెర ముందుకు లాక్కుంది.

"ఏం చూడల్లో చెప్పు. నేను చదువుతా."

"నీకు ఇంగ్లీషు రాదు గదమ్మా."

"అక్షరాలు వస్తాయి. కలుపుకునేది నువ్వు కలుపుకో."

శ్రీవాణి నవ్వింది. కీబోర్డు దానికి కంఠతా. మీటలు నొక్కి ఏదో తెరిచింది. "నిలువు గీతల కింద చిన్న చిన్న డబ్బాలు ఉండాయా? పక్కన ఏముండాది?"

వదిన ముక్కు తెరకు ఆనించినంత పని చేసింది. "ఎం. యూ. టీ... ఈ."

"మ్యూట్. అంటే నోరు మూయడం. డబ్బాలో టిక్కు పెట్టి ఉండాదా?"

"ఖాళీగా ఉండాది."

అలా ఒక్కొక్కటే. కూతురు నొక్కడం, తల్లి అక్షరం అక్షరం చెప్పడం, కూతురు వాటిని మాటగా కూర్చుకోవడం. ఒకచోట వదిన అక్షరం దాటేసి మళ్ళీ వెనక్కి వచ్చి, "ఉండు, ఎస్ మర్చిపోయినా" అంది. ఇంకోచోట, లోపం ఉంటే పడే పసుపుపచ్చ గుర్తు ఏదైనా ఉందా అని అడిగితే పైనుంచి కిందకు వేలు పెట్టి మరీ వెతికింది. లేదు. నేను కాఫీ తెచ్చి పెడితే ఇద్దరూ ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళ పైబడి చూస్తున్నాను, ఆ తల్లీకూతుళ్ళు అంత ఓపికగా పక్కపక్కన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒకరంటే ఒకరికి ప్రాణం, కానీ అరగంట కలిసి ఉంటే మాటా మాటా వచ్చేది.

"లోపల అన్నీ బాగుండాయమ్మా. ఇంక మిగిలింది వెనకాలే" అని శ్రీవాణి కంప్యూటర్ డబ్బాను ముందుకు జరిపించుకుంది. వెనక్కి చేయి పోనిచ్చి గుండ్రటి బొక్కలు తడిమింది. స్పీకరు వైరు పిన్ను సగమే దిగుతోంది. పిన్ను పీకి, ఆ చోట వేలు రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గంధం" అంది.

నాకు వెంటనే అర్థమైంది. ముందురోజు ఆయుధపూజ. అంగట్లో తక్కెడ, తూకంరాళ్ళు, అన్న బండి, అన్నిటితో పాటు కంప్యూటర్‌నూ వైర్లు పీకి, శుభ్రంగా తుడిచి, గంధం, కుంకుమ పెట్టి పూజ చేశారు. పూజ చేసిన వస్తువును ఆ రోజు వాడరు. వైర్లు రాత్రి తగిలించినా స్విచ్ ఎవరూ వేయలేదు. గంధం లోపలికి దిగి రాయిలా ఎండిపోయింది.

మా వదిన పని రెండింతలు అని ఎగతాళి చేయడానికి నోరు తెరిచాను. ఆమె మొహం చూసి మూసుకున్నాను.

"నేనే పెట్టినా" అంది వదిన. "అన్నిటికీ చుక్క పెట్టినా. పచ్చ బొక్కకు మాత్రం నిండా పెట్టినా. గొంతు వచ్చేది ఆడనుంచే అని నువ్వే చెప్పినావు ఒకసారి. నీకు కళ్ళంటే అదే గదా అని..."

ఆమె కింద కూలబడి ఏడ్చింది. శ్రీవాణి తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "పెడితే పెట్టినావులే. తీద్దాం లే. సన్నటి పుల్ల కావల్ల."

"చీపురు పుల్ల తెస్తా" అన్నాను.

"పూజ చేసినదానికి చీపురు పుల్లనా?" అంది వదిన, ఆ ఏడుపులోనే. చివరికి అంగట్లో అమ్మకానికి ఉన్న కొత్త చీపురు తెప్పించి, పుల్ల లాగి, కడిగి తుడిచి, కొనకు దూది చుట్టి ఇచ్చింది. కరెంటు తీసేసి శ్రీవాణి మెల్లగా తిప్పుతూ గోకింది. పసుపుపచ్చ పొడి రాలింది. ఊదింది, మళ్ళీ గోకింది. పిన్ను టిక్కుమని దిగింది.

స్విచ్ వేస్తే గరగరమని, ఒక పక్క స్పీకరులోనే, ఆ రాగం వచ్చింది. శ్రీవాణి చెవి స్పీకరుకు ఆనించి కూర్చుంది. అప్పటికే సగం పూట పోయింది. అన్నం కూడా తినకుండా టైపు చేసి, గడువు దాటకముందే పంపింది. వదిన ఆ గది గడపలోనే కూర్చుంది, ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

ఆ వారం నేను కర్నూలు పోలేదు, మనసొప్పలేదు. శుక్రవారం పొద్దున మెయిలు వచ్చింది. గోళీలు గలగలా దొర్లాయి. శ్రీవాణి చేతులు మీటల మీద ఆగిపోయాయి.

"ఏమన్నారు?" అంది వదిన.

"పని ఇచ్చినారమ్మా. ఇంట్లోనే ఉండి చేయమన్నారు."

వదిన కంప్యూటర్ వైపు తిరిగింది. "అది ఇందాక చెప్పింది అదేనా? నాకు ఒక్క ముక్క తెలియలా" అంది.

శ్రీవాణి ఏవో మీటలు నొక్కి ఆ గొంతును నెమ్మది చేసింది. అన్నేళ్ళలో మా కోసం అది నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి. మరమనిషి గొంతు, పరాయి యాస. మొదట ఏదో ఒక మాట, ఆ వెంటనే వంకరగా, విరిచి విరిచి, "శ్రీ... వా... నీ."

"నీ పేరు" అంది వదిన. "నిన్ను పేరు పెట్టి పిలుస్తాండారు."

"అవునమ్మా."

"మళ్ళీ ఒకసారి పిలిపించు."

శ్రీవాణి మళ్ళీ పిలిపించింది.