మామ బూరకు ఇంకా రిపేరు ఉంది

మా మామ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాము. విస్తరాకులో అన్నం, మటన్ కూర, గారెలు, పక్కన ఆయనకు ఇష్టమైన కల్లు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళాడని, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. ఆ రోజు కాకులన్నీ ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు.

కాకి దిగకపోతే బతికున్నవాళ్ళు పోయిన మనిషికి మాటలు ఇస్తారు. మా ఆయన "అమ్మను మంచిగ చూసుకుంట నాయినా" అన్నాడు. ఆడబిడ్డ "నేను ఏడ్వ నాయినా, నువ్వు తిను" అంటూ ఏడ్చింది. చుట్టాలు కూడా తలా ఒక మాట అన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. నాకు ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి, దానికి తోడు కోపం. నా నోరు ఏనాడూ నా చెప్పుచేతల్లో లేదు. "నీ బూర బాగు చేయించి, ఊదేటోనికే అమ్ముతం మామా. షోకు గోడకు తగిలిచ్చేటోనికి ఇయ్యం. ఇగ తిను" అనేశాను. అత్తమ్మ నా పక్కనే కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. కాకి దిగింది.

అందరూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. గారె నోట కరుచుకుని ఎగిరిపోయిన ఆ కాకికేం, హాయిగా పోయింది. ఇరుక్కున్నది నేను.

బూర అంటే ట్రంపెట్. మామ పెళ్ళిళ్ళ బ్యాండులో ఊదేవాడు. అది వయసులో మామ కంటే పెద్దది. అంతకుముందు దాన్ని ఊదినాయన చనిపోతే, వాళ్ళింటి నుంచి మామ కొనుక్కొచ్చాడట. దాని మీద చెక్కిన ఇంగ్లిషు అక్షరాలు వేళ్ళ రాపిడికి అరిగిపోయాయి. డీజేలు వచ్చాక బ్యాండు చెదిరిపోయింది, బూర అటకెక్కింది. నేను కిందికి దించేసరికి దాని నోటి నిండా సొట్టలే. మూడు మీటలూ బిగుసుకుపోయాయి. గొట్టాలకు పచ్చటి చిలుము పట్టింది.

గోరువెచ్చని సబ్బు నీళ్ళు పోసి, కాసేపు నాననిచ్చి, పెరట్లో బకెట్‌లోకి వంచాను. నల్లటి నీళ్ళు వచ్చాయి. వాటితో పాటు జర్దా, లవంగం కలిసిన వాసన వచ్చింది. మామ ఎదురుగా నిలబడి "జర మంచినీళ్ళు తే బిడ్డా" అన్నప్పుడు వచ్చే వాసన అది. మనిషిని కాల్చాం, అస్థికలు కలిపాం, ఇల్లు కడిగాం, బట్టలు పంచేశాం. ఆయన ఊపిరి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆ నీళ్ళు పారబోయడానికి చెయ్యి రాలేదు. అత్తమ్మే వచ్చి, బకెట్ ఎత్తుకెళ్ళి మల్లెచెట్టు మొదట్లో పోసింది.

మర్నాడు చూస్తే బూర తళతళలాడుతోంది. ఇత్తడి బిందెను తోమినట్టు, అత్తమ్మ దాన్ని చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమేసింది. అమ్మకానికని నేను ఫోన్‌లో పెట్టిన పాత ఫోటో చూసి ముచ్చటపడిన ఒక హోటలాయన, కొత్త ఫోటో పంపగానే ఫోన్ చేశాడు. "పాతగ, మురికిగ ఉంటేనే మంచిగుండె మేడం. మొత్తం ఖరాబ్ చేసిన్రు" అన్నాడు. ఆయనకు కావలసింది గోడకే కాబట్టి, ఖరాబు కావడమే మంచిదయిందనుకున్నాను.

సొట్టలు తీయించడానికి వరంగల్‌లో బ్యాండు సామాన్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లోపల ఇనుప గుండు ఆనించి, పైన కొయ్య సుత్తితో మెల్లగా తడుతూ సొట్టలు తీశాడు. స్ప్రింగులు మార్చి నూనె వేశాడు. "నడిమి మీట జర మొండిది. ఊదుతాంటె అదే దారికొస్తది" అన్నాడు.

అది దారికి రాలేదు. నొక్కితే లోపలే ఉండిపోయేది. మధ్యాహ్నం ఎవరి పనుల్లో వాళ్ళం ఉన్నప్పుడు, ఎవరో వేలు తీసేసినట్టు టక్కుమని పైకి లేచేది. స్ప్రింగు సంగతి నాకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. వంటింట్లోంచి అత్తమ్మ "ఆఁ, వస్తాన్న" అనేది. మొదట్లో గేటు దగ్గర ఎవరో పిలిచారనుకుని వెళ్ళి చూశాను. ఎవరూ లేరు.

ఆమెలో ఇంకా కొన్ని మార్పులు కనిపించాయి. పట్టుచీరలు ఆడబిడ్డకు ఇచ్చేసింది. పెళ్ళయినప్పటి నుంచి నన్ను మామిడికాయ తొక్కు జాడీ ముట్టనీయని మనిషి, పక్కన కూర్చోబెట్టుకుని ఉప్పూ కారం పాళ్ళు నేర్పింది. బీపీ గోలీలు డబ్బాలో ఎక్కడివక్కడే ఉంటున్నాయి. బూర గురించి మాత్రం రోజూ అడిగేది. "అయ్యిందా బిడ్డా? ఎప్పుడు తీస్కపోతరు?" నేనిచ్చిన మాట తీరితే మామకు శాంతి అని ఆమె ఆరాటమనుకున్నాను.

చివరికి మరిపెడ నుంచి ఒకతను వచ్చాడు. "ఇప్పటికి గూడ ఊదుతాన్న అక్కా. పెండ్లిళ్ళకు, సావులకు" అన్నాడు. బూర పెదాలకు ఆనించి ఊదాడు. ఇల్లంతా ఆ మోతతో నిండిపోయింది. మామ మళ్ళీ హాల్లో నిలబడ్డట్టే అనిపించి నేను తల ఎత్తలేకపోయాను. "మీట జర పట్టేస్తాంది గని, ఫికర్ లేదు, తీస్కుంట" అన్నాడతను. హమ్మయ్య, నా మాట చెల్లింది అనుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

అత్తమ్మ నా వెనకే వచ్చింది. "జల్ది ఇచ్చెయ్యి బిడ్డా. ఇగ గిదొక్కటే మిగిలింది" అంది.

"దేనికి మిగిలింది అత్తమ్మా?"

"పిట్ట నీ మాటకే ముట్టిందనుకున్నవా? నేను గూడ మనసుల ఒక మాటిచ్చిన. ఇంట్ల పనులు ఒడవంగనే నీ దగ్గరికొస్త అన్న. అప్పుడే దిగింది."

టీలో చక్కెర వేస్తూ, మామూలుగా చెప్పింది.

హాల్లోకి వచ్చి అతని చేతుల్లోంచి బూర లాక్కున్నంత పని చేశాను. "ఇంకా రిపేరుంది తమ్మీ. లోపల గొట్టం లీకయితాంది. అయినంక ఫోన్ చేస్త" అన్నాను.

"ఊదితే మంచిగనే ఉండె గదక్కా" అన్నాడతను. టీ తాగి, అయోమయంగా వెళ్ళిపోయాడు.

అతను ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒకసారి స్ప్రింగు అంటాను, ఒకసారి టాంకా వేసిన అతుకు ఊడింది అంటాను, నోటికి ఏది వస్తే అది. అబద్ధాలు నాకు కొత్త కాదు, చనిపోయిన మనిషికిచ్చిన మాటను కావాలని ఆపడం మాత్రం కొత్త. ఇదంతా వట్టి నమ్మకమేనని నాకు నేను చెప్పుకుంటాను, బూర బయటికి పోకుండా మాత్రం కాపలా కాస్తాను. మామ నన్ను కూతురిలా చూశాడు. అలాంటి మనిషిని గడప అవతల నిలబెట్టాను. నాకు భయంగానే ఉంది.

నిన్న మళ్ళీ ఫోన్ వచ్చింది. పెట్టేశాక అత్తమ్మ అంది, "మీ మామకు సబర్ తక్కువ బిడ్డా. ఎన్నొద్దులు ఆపుతవు?"

"పెండ్లిళ్ళ సీజన్ల ఆయన ఎప్పుడొస్తడో తెల్వక, అన్నం ముందర పెట్టుకుని ఎన్నేండ్లు కూసున్నవు అత్తమ్మా? ఇప్పుడు ఆయన్ను కూసోనియ్యి."

ఆమె ముందు నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మామ పోయాక ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి. పక్కన కూర్చుని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇంకొన్నాళ్ళు ఆగు మామా అని, ఆమెకు వినబడకుండా బతిమాలుకున్నాను.