కుళ్లాయప్ప బేస్ గిటారుపై నా అభిప్రాయం

1978 ఎండాకాలంలో నన్ను అనంతపురం విద్యుత్ తనిఖీ కార్యాలయంలో అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. లైన్లు లాగేదీ, బిల్లులు వసూలు చేసేదీ మేము కాదు. మిల్లయినా, సినిమా హాలయినా, పెళ్లిమండపమయినా అక్కడి కరెంటు మనిషి ప్రాణం మీదికి తెచ్చేలా ఉందా లేదా అని చూసి అనుమతి ఇవ్వడం మా పని. ప్రమాదం జరిగితే కారణం తేల్చడం కూడా మా పనే. ఈ శాఖవాళ్లకు కరెంటంటే భయం ఉండదని జనం అనుకుంటారు. నాకు మాత్రం చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా భయమే.

చేరిన కొత్తలోనే ధర్మవరం నుంచి కబురొచ్చింది. అక్కడి ఒక పెళ్లిమండపంలో పాటకచ్చేరీకి సాధన చేస్తూ ఓబులేసు అనే ఆర్కెస్ట్రా కళాకారుడు చేతిలో బేస్ గిటారుతోనే వేదిక పక్క నేలలో పాతిన ఇనుప స్తంభానికి మోచెయ్యి ఆనించాడట. ఎవరో ఎత్తి విసిరినట్టు పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ చాలాసేపు మాట రాలేదు. మర్నాడు సాయంత్రం అక్కడే ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటి పెళ్లి. ఆ గిటారు వాయించవచ్చా, కూడదా అన్నది చెప్పమని వ్యాపారి మా ఆఫీసును అడిగాడు.

అది కంపెనీ సరుకు కాదు. ఓబులేసు వాళ్లన్న కుళ్లాయప్ప చేత్తో చేసిన ఒకే ఒక్క గిటారు. ఆయన హార్మోనియాలు, గిటార్లు బాగుచేసి బతికే మనిషి. గిటారు ఒళ్లంతా పనసకర్ర. మెడకు మాత్రం విప్పేసిన పాత మగ్గం టేకు వాడాడు. ఇన్నేళ్లు ఎండిన కర్ర ఇక వంగదని ఆయన ధీమా. నాలుగు లావు తీగలు, వాటి కింద అయస్కాంతాలు, చుట్టూ ఆయనే ఓపిగ్గా చుట్టిన సన్నటి రాగితీగ.

నేను వెళ్లేసరికి మండపంలో తలా ఒక అభిప్రాయం. పనసలో పాలుంటాయి, అవి కరెంటును లాగుతాయని తబలా ఆయన. ముహూర్తం చూడకుండా తీగలు కట్టాడని ఇంకొకాయన. ఆర్కెస్ట్రా యజమాని అయితే తీర్పే చెప్పేశాడు: “ఇంట్లో చేసింది ఇంట్లోనే పెట్టుకోవల్ల సార్. మా పాత గిటారు ఎప్పుడన్నా కొట్టిండాదా?”

కుళ్లాయప్ప నన్ను పక్కకు పిలిచాడు. “నేను చేసిన దాంతోనే నా తమ్ముడు పోతే నేనెట్ల బతికేది సార్? మీరు వద్దంటే ఈడనే పగలగొడ్తా,” అన్నాడు.

వద్దనడం సులువే. తప్పు గిటారుది కాకపోతే? పగలగొట్టాక కూడా ఆ చావు వేదిక మీదే కూర్చుని ఉంటుంది.

కరెంటు ఎక్కడైనా కారుతోందేమో చూపే యంత్రాన్ని మేము మెగ్గర్ అంటాం. గిటారుకు పెట్టి చూశాను, బాగుంది. యజమాని మద్రాసులో కొన్న ఆంప్లిఫయరుకు పెట్టాను, అదీ బాగుంది. ఆయన కళ్లెగరేశాడు. అప్పుడు రెండూ కలిపి, కరెంటు వేసి, గిటారు తీగ మీద టెస్టర్ ఆనించాను. ఏమీ లేదు. అయినా స్విచ్చి కట్టేయమనలేదు. ఎవ్వరినీ దగ్గరికి రానివ్వకుండా కాచుక్కూర్చున్నాను. ఆంప్లిఫయరు బాగా వేడెక్కాక మళ్లీ టెస్టర్ పెడితే లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది. కుళ్లాయప్ప చతికిలబడ్డాడు.

జబ్బు ఆంప్లిఫయరుది. వేడెక్కితే గానీ బయటపడదు. పాటలో గీ అనే రొద రాకూడదని కుళ్లాయప్ప గిటారు తీగల నుంచి ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకు కలిసేలా లోపల ఒక సన్నతీగ వేశాడు. మంచి గిటార్లన్నిటికీ అది ఉంటుంది. యజమాని చెప్పిన పాత గిటారుకు లేదు. అందుకే అది జోరీగలా రొద పెట్టేది, అందుకే కొట్టలేదు. విషయం చెప్పగానే కుళ్లాయప్ప కటింగ్ ప్లేయరు తీసి ఆ తీగ తెంపబోయాడు. నేను గట్టిగా అరిచాను. తీగ తెగినా పెట్టెలో కరెంటు అలాగే ఉంటుంది, రేపు ఇంకెవరో పెట్టెను తాకుతారు.

నిజానికి పెట్టెలోకి కారిన కరెంటు ఎర్తు తీగ గుండా భూమిలోకి పోవాలి, ఆ ఊపుకు ఫ్యూజు ఎగిరిపోవాలి. మరి ఎందుకు పోలేదు? తీగ వెంటే నడిచి మండపం వెనక్కి వెళ్లాను. ఎర్తు గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి ఎప్పుడూ తడిగా ఉంచాలి. అది పిండిలా ఎండిపోయి ఉంది. వానలు లేవు, ఊరికి నీళ్లు ట్యాంకరులో వస్తున్నాయి. గొయ్యికి ఎవరు పోస్తారు?

మండపం ఊడ్చే లక్ష్మమ్మ అప్పుడే ట్యాంకరు దగ్గర కొట్లాడి రెండు బిందెలు తెచ్చుకుంది. అడగడానికి నాకు నోరు రాలేదు, అయినా అడిగాను. “తాగేకే లేవు సార్, మన్నుకు పోస్తారా?” అంది. ఎందుకో చెప్పాను. ఓబులేసు మోచేతి కట్టు వైపు చూసి, బిందెలు నా చేతికివ్వకుండా తనే రెండూ గొయ్యిలో వంచేసింది.

మళ్లీ కరెంటు వేశాం. ఆంప్లిఫయరు వేడెక్కింది. టప్‌మని ఫ్యూజు పోయింది. పెట్టె విప్పితే లోపల ఒక వైరు తొడుగు మాడి, రాగి ఇనుముకు తగులుతోంది.

మర్నాడు వేరే ఆంప్లిఫయరు తెప్పించారు. దాన్నీ వేడెక్కించి చూస్తే టెస్టర్ వెలగలేదు. అయినా ఓబులేసు గిటారు దగ్గరికి రాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. గిటారుది తప్పు లేదని అభిప్రాయం చెప్పింది నేనే కదా. కుడిచెయ్యి తిప్పి, వెనకవైపుతో తీగలను తాకాను. కరెంటు కొడితే వేళ్లు ముడుచుకుపోతాయి. అరచేత్తో తాకినవాడు వదల్లేడు, వెనకవైపుతో తాకితే చెయ్యి దూరంగా పోతుంది. తీగలు చల్లగా ఉన్నాయి. అలా ఆనించి ఉంచి, రెండో చెయ్యి స్తంభం మీద వేశాను.

ఆ సాయంత్రం ఓబులేసు వాయించాడు. నాకు సంగీతం రాదు. ఆ గిటారు గొంతు చెవికంటే ముందు గుండెకు తగిలిందని మాత్రం చెప్పగలను. కుళ్లాయప్ప పాట అయిపోయేదాకా తమ్ముడి వేళ్లే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఏ మండపానికి వెళ్లినా ముందు వెనక్కి పోయి గొయ్యి తడి చూసేవాణ్ని. కొట్టిన వస్తువే దోషి అని రాసి వచ్చేయడం మా ఉద్యోగంలో అన్నిటికన్నా సులువు. అలా రాసి వచ్చిన చోటికి మళ్లీ వెళ్లాల్సి వస్తుంది, ఈసారి శవం కోసం.