ఆదివారం పాట, అయిదు రోజుల యాంటీబయాటిక్

2022 వానాకాలం. మా దీవిలో, డాలీగంజ్‌లో నా మందుల షాపు ఎంత విశాలమంటే, ఫ్రిజ్ తలుపు తెరవాలంటే నేను రోడ్డు మీదికి రావాలి. ఆ గురువారం వానకు చేపలు అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటుతున్నాయి. అంతటి వానలో గొడుగైనా విప్పకుండా మరియమ్మ దీదీ వచ్చింది.

మా తెలుగు చర్చిలో పాతికేళ్లుగా పాట ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు విప్పితే లంబాలైన్ ఎయిర్‌పోర్టులో దిగే విమానం కాసేపు గాల్లోనే ఆగుతుందని ప్రమాణం చేయగలను. అంతకు రెండు రోజుల ముందు, మంగళవారం, పంటికి చీము పట్టి, చెంప పనసకాయంత చేసుకుని వచ్చింది. డెంటిస్టు అయిదు రోజుల యాంటీబయాటిక్, తోడుగా ప్రోబయాటిక్ పొడి రాశాడు. యాంటీబయాటిక్ చెడ్డ సూక్ష్మజీవులతోపాటు పేగుల్లోని మంచివాటినీ ఊడ్చేస్తుంది. ప్రోబయాటిక్ అంటే అలాంటి మంచివాటినే ప్రాణాలతో లోపలికి పంపడం. రెంటికీ రెండు గంటల ఎడం ఉండాలని కూడా చెప్పి, నా భుజం నేనే తట్టుకున్నాను. ఇప్పుడు ఆ గోలీలే తెచ్చి కౌంటర్ మీద పడేసింది.

"భయ్యా, నీ గోలీలు నువ్వే ఉంచుకో. పొద్దుటి నుంచి అయిదుసార్లెల్లొచ్చాను. ఆదివారం పాట మద్దెలో లెగిసి పరిగెత్తమంటావేటి? బస్, బంద్ చేసేత్తన్నాను."

"మానేస్తే చెంప మళ్లీ పొంగుద్ది దీదీ. నోరే తెరవలేవు."

"నాను పాడకపోతే సులోచన పాడతాది. అది పాడితే చర్చి పావురాలు కూడా షాదీపూర్ ఎలిపోతాయి!"

గోలీ మానితే నోరు, మానకపోతే పొట్ట. ఎటు చూసినా పాట సులోచనకే పోయేలా ఉంది. డెంటిస్టుకు ఫోన్ చేశాను. జ్వరం, విరేచనాల్లో రక్తం లేవు కాబట్టి కోర్సు ఆపొద్దని, ఓఆర్ఎస్ తాగించమని అన్నాడు. అప్పుడు తట్టింది నాకు.

"దీదీ, పొడి తాగుతున్నావా?"

"తాగకేం? ఘడీ చూసుకుని, రెండు గంటలాగి, గరం గరం చాయ్‌లో."

"చాయ్‌లోనా!"

"మరి మందు చల్లగా తాగితే ఏటి పనిచేత్తాది?"

కోట్లాది ప్రాణులు కుటుంబాలతో సహా పొయ్యి మీంచి దిగిన చాయ్‌లో దూకి అసువులు బాసిన దృశ్యం నా కళ్లముందు మెదిలింది.

"అవి బతికున్నవి దీదీ. ఉడకబెట్టేశావు."

ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో ప్రభువా! ఆ మాట ముందే చెప్పొద్దా?"

చెప్పలేదు. కలిపి తాగమన్నానే తప్ప, చల్లటి నీళ్లలో అనలేదు.

ఆ సాయంత్రం నుంచి చల్లని నీళ్లు, ఓఆర్ఎస్, పెరుగన్నం. శనివారం ఆఖరి గోలీ వేసుకునేసరికి పొట్ట నెమ్మదించింది. ఘనత పొడిదో, ఓఆర్ఎస్‌దో నేను తేల్చలేను. ఆదివారం మాత్రం దీదీ చరణాలన్నీ పాడి, సులోచన వైపు చూస్తూ పల్లవి మరో మూడుసార్లు పాడింది.

అప్పటి నుంచి "అర్థమైందా?" అని అడగడం మానేశాను. దానికి అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లి ఎలా తాగుతారో చెప్పండి" అంటాను. మొన్న ఇదే పొడి కొన్న ఒక పెద్దాయన జవాబు విని, కౌంటర్ దూకినంత పనిచేసి ఆయన్ని ఆపాను. చేపల పులుసులో కలుపుతాడట.