నా కాయ మీద రూతమ్మ పట్టాలు

ఇది ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మిరపకాయల బస్తా అయితే మధ్యలో దించి ఊపిరి పీల్చుకోవచ్చు. దీనికి ఆ వీలు కూడా లేదు.

మా ఆయన పోయాక సేద్యం నేనే చూసుకుంటున్నాను. అప్పట్లో నా పక్క చేను రూతమ్మ కౌలుకు చేసేది. ఇద్దరం ఒకే కల్లంలో మిరపకాయ ఎండబోసుకునేవాళ్లం, మధ్యలో మనిషి నడిచేంత దారి వదిలి. ఆ వేసవిలో చివరి కోత కాయ కల్లంలో ఉండగా హైదరాబాదులో మా తమ్ముడి గృహప్రవేశం వచ్చింది. ఆడపడుచు చేతుల మీదుగా పాలు పొంగాలని వాడు విమానం టికెట్టు కొని పంపాడు. నాకు అదే మొదటిసారి. ఊరంతా తిరిగి చెప్పుకున్నాను, సిగ్గు లేకుండా.

మా వైపు ఒక నమ్మకం ఉంది. టీవీలో తుఫాను ఒకరోజు ఒడిశాకి అంటారు, మర్నాడు బాపట్లకి అంటారు. విమానం మాత్రం అబద్ధం ఆడదు. నెత్తిమీద విమానం వెళ్తుంటే కల్లంలో కాయ ఎత్తక్కర్లేదు.

ఎయిర్‌పోర్టు చిన్నది. బస్టాండుకి ఏసీ పెట్టినట్టుంది. నేను వెళ్లేసరికి జనం కౌంటరు మీద పడి అరుస్తున్నారు. తుఫాను మా తీరం వైపే తిరిగిందట, సాయంత్రానికల్లా వాన మొదలవుతుందట. విమానాలన్నీ రద్దు. బయట ఇంకా చినుకు కూడా లేదు.

అప్పుడే రూతమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, అక్కడే ఉన్నావుగా. విమానాలు ఎగురుతున్నాయా? మా చర్చి వాళ్లు ఖాళీగా ఉన్నారు. కాయ ఎత్తించమంటావా, ఆగమంటావా?"

ఊళ్లో ఆ పూట దొరికే కూలీలు వాళ్లే. నిజం చెబితే ముందు ఎవరి కాయ ఎత్తిస్తుంది? తనదే కదా. నేనైనా అంతే కదా. అలా అనుకున్నాను. ఈమెని కాసేపు ఆగమని, ఈలోపు కూలీల మేస్త్రికి ఫోన్ చేసి వాళ్లని నా కాయ మీదికి పంపించాలి. ఇంత ఆలోచన రెప్పపాటులో ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"ఎగురుతున్నాయే. నేను ఎక్కేస్తున్నా. కంగారేం లేదు, ఆగు."

"సరే అక్కా. క్షేమంగా వెళ్లిరా. ప్రార్థన చేస్తాలే."

మేస్త్రికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ఎత్తలేదు. రూతమ్మకే చేసి నిజం చెప్పేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. నన్ను నేనూ అడిగాను. విమానం ఎక్కిన దాన్ని ఫోన్ ఎలా చేస్తున్నానంటే ఏం చెప్పను? నా పరువు కాపాడుకోవడానికి ఇద్దరి పంటా వానకి వదిలేశాను. అంత నీచురాలినా నేను? అంతే.

కారు మాట్లాడుకుని వెనక్కి బయల్దేరాను. దారిలోనే గాలీ వానా అందుకున్నాయి. చీకటి పడకముందే కల్లం దగ్గర దిగాను.

నా కాయ పొడిగా ఉంది. కుప్ప మీద నీలం టార్పాలిన్ పట్టాలు కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. దారికి అవతల రూతమ్మ కాయ నీళ్లలో తేలుతోంది. అటువైపంతా ఎర్రటి నీళ్లు. ఆ నీళ్లలో ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చేటతో కాయ తోడి గంపలో పోస్తోంది.

నా పట్టాలు మా ఇంట్లో ఉన్నాయి, తాళం వేసి. నా కాయ మీదున్నవి ఆమెవి.

"మబ్బు పట్టగానే నీకు చెబుదామనుకున్నా అక్కా. పైన విమానంలో ఉన్న మనిషికి ఎట్టా తెలుసుద్ది? నీ కాయ దగ్గర ఎవరూ లేరు, నీది ముందు కానిద్దాం అని మావాళ్లతో అన్నా. మాది ఎత్తేలోపు వాన దూకింది. అయినా నువ్వేంటి, ఎక్కలేదా?"

నా నోట వచ్చిన మాట ఇది.

"ఎక్కించి దింపేశారు."

"అయ్యో అక్కా, ఎంత హడలిపోయావో."

తడి చేత్తో నా భుజం నిమిరింది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాను. ఆమెని ఆపాలని నేనాడిన అబద్ధమే నా పంటని కాపాడింది. ఆమె దాన్ని నమ్మింది కాబట్టి కాపాడింది.

ఆమె కాయంతా రంగు పోయి, ధర పలకని తాలైపోయింది. ఆ పై ఏడు కౌలు వదిలేసింది. ఇప్పుడు నా చేలోకే కోతకి వస్తుంది. రూతమ్మని సొంత చెల్లెల్లా చూసుకుంటానని ఊళ్లో నాకు మంచి పేరు.

మొన్న కోతలో నెత్తిమీద విమానం మోగింది. రూతమ్మ నడుం ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఇవాళ వాన రాదులే అక్కా," అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "మంచినీళ్లు తాగు," అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. తడిసిన కాయ మీది కాదు. ఆ ఫోన్‌లో అనవలసిన మాట ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను, అంతే.

లేదు రూతమ్మా. ఒక్క విమానమూ ఎగరడం లేదు. ముందు నీ కాయ ఎత్తించుకో.