చార్జింగ్ తీగకి నా భుజం

ఈ రోజు మధ్యాహ్నం నా మనవరాలు లలిత, నేనూ మాడుగుల నుంచి వస్తూ, దాని కరెంటు కారుకి చార్జింగ్ పెట్టడానికి అనకాపల్లి హైవే పక్కన ఆగాము. రెండు గంటలకి దానికి అచ్యుతాపురంలో డ్యూటీ. కారు కొన్నరోజే మా కోడలు, "దీన్ని నమ్ముకుంటే డ్యూటీకి ఎల్లినట్టే!" అని నవ్వింది.

మూడుసార్లు పెట్టినా మిషను ఎర్రలైటే వేసింది. మిషను కంపెనీకి ఫోను చేస్తే, ఆ మిషనుకీ మా కారుకీ సరిపడదేమో అన్నారు. వెనక కారాయన హారను కొట్టి, "మామ్మా, మీ బండికి ఇది పడదు, పక్కకి తీసీండి!" అన్నాడు.

నాకు చదువు రాదు కానీ బరువు సంగతి తెలుసు. నలభై ఏళ్లు చెరకు మోపులు మోశాను. ఆ లావుపాటి తీగ కిందకి వేలాడుతూ, కారుకి పెట్టిన ప్లగ్గు మూతిని వంచేస్తోంది.

"బరువంతా కిందకి లాగేత్తంటే మూతి ఎలా కుదురుతాదే? నాను ఎత్తుతాను, నువ్వు మళ్లీ నొక్కు!" అని తీగని భుజానికి ఎత్తుకున్నాను.

టక్కుమని పట్టింది. పచ్చలైటు వెలిగింది!

మా తర్వాత ఆ హారను కొట్టినాయన కారుకీ ఎర్రలైటే. "మామ్మగారూ, ఓపాలి ఇలా వత్తారా?" అన్నాడు.

"ఏటి బాబూ, నీ బండికీ పడదా?" అని అడిగాకే వెళ్లి ఎత్తాను.

లలిత నన్ను ఇంటి దగ్గర దింపి, పావుగంట ముందే డ్యూటీలో ఉంది. ఇదంతా ఆ నవ్విన కోడలి చేతే రాయిస్తున్నాను. మీ కార్లకీ ఇలా అయితే కింద రాయండి, అదీ తన చేతే చదివించుకుంటాను.