నలభయ్యో వరుసలో పెత్రమాస

ఎడారి దేశంలో, దుఖాన్ ఊరికి పోయే దారిలోని సోలార్ ఫీల్డులో అద్దపు పలకలు ఎన్నున్నాయో పైనున్న దేవుడికీ లెక్క తెలియదు. వాటి దుమ్ము తుడవడానికి మిషన్లున్నాయి. మిషన్ మొరాయిస్తే చేత్తో తుడవడానికి బుచ్చన్న ఉన్నాడు. జగిత్యాల దిక్కు మనిషి, పదహారేళ్లు చమురు బావుల దగ్గర చేసి ఇటు మారాడు.

"ఇంత చమురు, గ్యాసు వెట్టుకొని వీళ్లకు ఎండతోటి ఏం పని గయాజ్ భాయ్?" అని మొదటిరోజే అడిగాడు.

నిజామాబాద్ సూపర్‌వైజర్ గయాజ్ నవ్వాడు. "ఇంట్ల కరెంటుకే గ్యాసు కాలవెడితే అమ్మేటిది తగ్గుతది గదా! చిన్న దేశం, గ్యాసొక్కదాన్నే నమ్ముకుంటే ఎట్ల? ఎండ ఇంట్లకు, గ్యాసు ఓడలకు. సమఝ్ అయిందా?"

అదంతా బాగానే ఉంది. బాగాలేనిది నలభయ్యో వరుస.

పోయినేడు ఒకనాడు కాళ్లు గుంజుతున్నాయని బుచ్చన్న ఆ వరుసను జతగాడు నర్సింలుకు అప్పజెప్పాడు. నర్సింలు అక్కడే గుండె ఆగి పడిపోయాడు. అప్పట్నుంచి ఆ పలకల మీదికి వంగితే బుచ్చన్నకు తనదీ, నర్సింలుదీ రెండు మొహాలు కనిపిస్తున్నాయి. మనిషి ఎంత చిక్కిపోయాడంటే, గాలి దుమారం వస్తే ముందు ఇతన్నే తాడేసి కట్టాలనేవాళ్లు క్యాంపులో.

పోయినవాళ్లకు పెట్టే అమాస, పెత్రమాస నాడు అన్నం, పప్పు, గారె తెచ్చి, నర్సింలు పడ్డచోటి పలక మీద పెట్టాడు. ఊళ్లో అయితే ఇంటి కప్పు మీద పెడతారు. కాకి ముడితే పోయినవాడు కోపం విడిచినట్టు. ఎడారిలో ఇదే కప్పు అనుకున్నాడు. పిట్ట రాలేదు. ఎండకు పప్పు అద్దానికి బంకలా కరుచుకుంది. ఆ పలక కరెంటు పడిపోయిందని కంట్రోల్ రూమ్ చెప్పగానే గయాజ్ జీపులో దూసుకొచ్చాడు.

"పాగల్ అయినవా? గీకు!"

"ముట్టలే భాయ్. నా పనికి వోయి సచ్చిండు. ఇంక కోపంగనే ఉన్నడు."

గయాజ్ గొంతు దిగింది. "రేపట్నుంచి స్టోరు డ్యూటీ జెయ్యి. ఏసీ ఉంటది. ఇటు దిక్కే రాకు."

కాకి రాకపోతే పోయినవాడికి మాటివ్వడం ఊరి పద్ధతి. బుచ్చన్న పలక మీదికి వంగాడు.

"నర్సింలూ, నిన్నిడిసి యాడికీ పోనురా. నేను సచ్చేదాక ఈ వరుస నాదే."

ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఒక మైనా వాలి, గారె ముక్క పొడుచుకుని లేచిపోయింది.

గయాజ్ జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "అయిపాయె గదా. యల్లా, ఎక్కు."

"మాటిచ్చిన భాయ్," అన్నాడు బుచ్చన్న, మోకాళ్ల మీద కూర్చుని గీకడం మొదలుపెడుతూ.